మామునూరు విమానాశ్రయం: వైమానికుల వార్తాధర్మం

2025 ఫిబ్రవరి 28వ తేదీన ఓరుగల్లు ప్రాంతీయులకు ఒక శుభవార్త అందినది. నగరానికి ఆగ్నేయాన, ఖమ్మం బాట పక్కన ఉన్న మామునూరు విమానాశ్రయాన్ని పునరుద్ధరించడానికి కేంద్ర పౌర విమానయాన శాఖ అనుమతించినది. అప్పటి శాఖామాత్యులు మన తెలుగువారే అయిన కింజరాపు రామ్మోహన్ నాయుడుగారు. ఈ అనుమతికి ముందు రెండు చిక్కుముడులు విడవవలసి వచ్చినది. శంషాబాద్ విమానాశ్రయ నిర్మాణ సందర్భంలో కుదిరిన ఒడంబడిక ప్రకారం, ఆ విమానాశ్రయానికి 150 కిలోమీటర్ల లోపల 25 సంవత్సరాలవరకు మరొక విమానాశ్రయం రాకూడదు. ఆ నిర్వాహక సంస్థ తన అభ్యంతరాన్ని వదలుకొనడంతో మొదటి ముడి విడిపోయినది. రెండవది భూమి. అదివరకే ఉన్న 696 ఎకరాలకు తోడు మరి 253 ఎకరాలు సేకరించడానికి రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో 205 కోట్ల రూపాయలు మంజూరు చేసినది.

ఈ వార్త వినగానే జనగామలోను, మహబూబాబాద్‌లోను, భూపాలపల్లిలోను జనులు వేసుకొన్న ప్రశ్నలు సహజమైనవే. విమానం ఎన్నడు వచ్చును? టిక్కెట్టు ధర ఎంత ఉండును? ఏ నగరానికి పోవచ్చును? వీటికి సమాధానం చెప్పవలసినవారు ప్రభుత్వంవారు, విమాన సంస్థలవారు. మనం ఇక్కడ విచారింపదలచినది వేరొక ప్రశ్న: విమానాశ్రయం అనగా ఏమి? రాతినేలమీద పరచిన నల్లని బాటా? అద్దాల మేడా? బాట పరచినంతమాత్రాన విమానాశ్రయం కాదనడానికి మామునూరే సాక్ష్యం. నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో వెలసిన ఈ మైదానం, నియమిత ప్రయాణిక విమానాలు లేక దశాబ్దాలపాటు మూగవోయి ఉన్నది. బాట ఉన్నది, ప్రహరి ఉన్నది, ప్రభుత్వ పటంలో పేరు ఉన్నది. లేనిది ఒక్కటే. ఈ పూట గాలి ఎటు వీచుచున్నది, బాట ఏ స్థితిలో ఉన్నది, మేఘం ఎంత ఎత్తున ఉన్నది అని ఒకరికొకరు చెప్పుకొనే మనుష్యులు లేరు.

చిన్న విమానాశ్రయానికి ప్రాణం ఆ మాటల మారకమే. ప్రపంచంలో ఎక్కడ చిన్న మైదానం ఉన్నా, అక్కడి వైమానికులు ప్రతి ఉదయం మొదట అడిగేది వార్తలే. ఆ వార్తలలో రాజకీయాలు ఉండవు. బాట చివర మరమ్మతు జరుగుచున్నది, పక్క ఊరిలో ఎత్తైన స్తంభం ఒకటి కొత్తగా లేచినది, చెరువువైపు కొంగలు గుంపులుగా ఎగురుచున్నవి, ఇంతే. ఇవి అధికారికంగా ప్రకటింపబడినపుడు వాటిని ‘నోటామ్’ అంటారు. ప్రపంచమంతటా ఒకే భాషలో, ఒకే కాలమానంలో వ్రాసే ప్రకటనలవి. ఆ కాలమానం మన గడియారానికి అయిదున్నర గంటలు వెనుకబడి ఉంటుంది. ప్రకటనలో 10 గంటలని ఉంటే మనకు మధ్యాహ్నం మూడున్నర అన్నమాట. ఈ చిన్న కూడిక తప్పినవాడు మూసివేసిన బాటమీద దిగబోవును.

గాలిసంచి చెప్పే మాట

మైదానంలో అన్నిటికంటె చవుకైన పరికరం గాలిసంచి. రెండువైపులా నోరు తెరచిన గుడ్డగొట్టం, ఒక స్తంభానికి వ్రేలాడుచుండును. గాలి గంటకు సుమారు 28 కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్నపుడు అది బారుగా సాగి నేలకు సమాంతరంగా నిలుస్తుంది. దానిని చూచి వైమానికుడు ఎటునుంచి ఎగురవలెనో, ఎటునుంచి దిగవలెనో నిర్ణయించుకొంటాడు.

గాలికి ఎదురుగానే ఎగురవలెనన్న నియమం ఎందుకు? ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లమీద సులభంగా నిరూపింపవచ్చును. ఒక చిన్న విమానం నేల విడవడానికి దాని రెక్కలమీదుగా గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గాలి ప్రవహించవలెననుకొందాం. ఎదురుగాలి 20 కిలోమీటర్లు ఉన్నచో విమానం నేలమీద 80 కిలోమీటర్ల వేగం అందుకొంటే చాలును. అదే గాలి వెనుకనుంచి వీచినచో 120 అందుకొనవలెను. పరుగు దూరం వేగంయొక్క వర్గాన్ని అనుసరించి పెరుగును. 80కి, 120కి నిష్పత్తి ఒకటిన్నర; దాని వర్గం రెండుంబాతిక. అనగా గాలిసంచిని చూడక ఎగురబోయినవానికి బాట రెండింతలకు మించి కావలెను. చిన్న మైదానంలో అంత బాట ఎక్కడిది?

బాటలకు పేర్లు పెట్టడంలోను ఇదే వివేకం ఉన్నది. బాట చూపే దిక్కును అయస్కాంత సూచి ప్రకారం డిగ్రీలలో కొలిచి, చివరి అంకెను వదలి వ్రాస్తారు. బేగంపేట బాట ఒక చివర 09, మరొక చివర 27. తొమ్మిది అనగా 90 డిగ్రీలు, తూర్పు; ఇరవై ఏడు అనగా 270 డిగ్రీలు, పడమర. నైరుతి ఋతువులో పడమటి గాలి బలంగా ఉన్నపుడు విమానాలు పడమటి ముఖంగా ఎగురుటకు 27ను ఎన్నుకొంటాయి. సంఖ్య వినగానే దిక్కు తెలియును. దిక్కు తెలియగానే గాలి తెలియును.

మూడు జిల్లాల పటం

2016 అక్టోబరు 11న పూర్వపు వరంగల్లు జిల్లానుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడినవి. ఈ మూడింటిని ఆకాశంనుంచి చూచే వైమానికునికి సరిహద్దు రేఖలు కనిపించవు. అతనికి కనిపించేవి ఇనుపదారులు, చెరువులు, నదులు, పొగగొట్టాలు. కంటిచూపుతో దారి వెదకుకొనే చిన్న విమానానికి ఇవే మైలురాళ్లు.

పడమటికి పోయేవానికి కాజీపేటనుంచి సికిందరాబాదు వెళ్లే రైలుదారి జనగామను చూపును. దక్షిణానికి తిరిగినవానికి విజయవాడ దారి మహబూబాబాద్ మీదుగా డోర్నకల్ కూడలివరకు దారి చూపును. అక్కడ ఒక శాఖ విడిపోయి కొత్తగూడెం వైపు సాగును. నర్సంపేట దాటి తూర్పుకు చూస్తే అడవి నడుమ పాకాల చెరువు. మహబూబాబాద్ తూర్పున బయ్యారం పెద్దచెరువు. కాకతీయులు పైరుకొరకు త్రవ్వించిన తటాకాలు ఎనిమిది శతాబ్దాల తరువాత ఆకాశగామికి ఆనవాళ్లయినవి. ఈశాన్యాన భూపాలపల్లి గుర్తు పట్టడం ఇంకను సులభం. చెల్పూరులోని కాకతీయ తాప విద్యుత్కేంద్రపు పొగగొట్టాలు, సింగరేణి బొగ్గుగనులు దూరంనుంచే కనిపించును. ఇంకను ఉత్తరానికి పోతే కాళేశ్వరం వద్ద ప్రాణహిత గోదావరిలో కలిసే సంగమం ఉన్నది. అంతకంటె తప్పులేని గుర్తు మరొకటి ఉండదు.

అయితే అన్ని గుర్తులు అన్ని ఋతువులలో ఒక్కతీరుగా ఉండవు. వేసవిలో ఎండిన చిన్న చెరువు నేలలో కలిసిపోవును. వర్షాకాలంలో నీరు నిలిచిన పొలమే చెరువువలె భ్రమ కలిగించును. కనుక నీటి గుర్తును ఇనుపదారితోనో, రహదారితోనో జోడించి చూడవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఒక్క సాక్షిని నమ్మి తీర్పు చెప్పరాదన్న న్యాయసూత్రం ఆకాశంలోను వర్తించును.

దిక్కు తప్పడంలో ఒక చక్కని లెక్క ఉన్నది. అరవై కిలోమీటర్ల ప్రయాణంలో ఒక్క డిగ్రీ పక్కకు తిరిగినచో గమ్యానికి సుమారు ఒక కిలోమీటరు దూరంలో తేలుదుము. మామునూరునుంచి భూపాలపల్లికి సుమారుగా అంతే దూరం. పది డిగ్రీలు తప్పినవాడు పది కిలోమీటర్ల పక్కన, గుర్తులేని అడవిమీద ఉండును. కోణమానిని చేతపట్టుకొని ఇది ఎందుకు పనికివచ్చునని అడిగే బాలునికి దీనికంటె మంచి సమాధానం దొరకదు.

ఋతువులు, హెచ్చరికలు

రోహిణీ కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దల సామెత. ఆ ఎండ విమానానికి కూడ శత్రువే. గాలి వేడెక్కినపుడు పలుచబడును. పలుచని గాలిలో రెక్కకు, చోదకచక్రానికి, యంత్రానికి మూడింటికి బలం తగ్గును. సముద్రమట్టానికి 900 అడుగుల ఎత్తున ఉన్న మైదానంలో ఉష్ణోగ్రత 42 డిగ్రీలు ఉన్నపుడు లెక్క కట్టి చూస్తే, విమానం 4,300 అడుగుల కొండమీదనుంచి ఎగురుచున్నట్లు ప్రవర్తించును. ఉదయం అలవోకగా లేచిన విమానమే మధ్యాహ్నం అదే బరువుతో బాట చివరవరకు ప్రాకును. వేసవిలో తెల్లవారుజామునే ఎగురవలెను, బరువు తగ్గింపవలెను, పట్టికలోని అంకెను చూడక ఊహతో ఎగురరాదు అన్న హితవు ఇందుకే పుట్టినది.

చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం దాటినపిమ్మట మామిడికాయలు రాల్చే గాలివానలు మనకు పరిచితములే. వాటికి కారణం క్యుములోనింబస్ మేఘాలు. రైతుకు ఆ మేఘం పంటనష్టం. వైమానికునికి అది ప్రాణాపాయం. దాని లోపల గాలి పైకి, క్రిందికి ఒకేసారి ఉరుకుచుండును. వానకంటె ముందు నేలను తాకి వ్యాపించే చల్లని గాలి, దిగబోయే విమానానికి మొదట ఎదురుగాలిగా తోచి, మరు క్షణంలో వెనుకగాలిగా మారి వేగాన్ని హరించును. తీవ్రమైన ఉరుము మేఘానికి దాదాపు 37 కిలోమీటర్ల దూరంలో ఉండవలెనని వైమానిక శాస్త్రం బోధించును. మేఘం దాటిపోవడానికి ఒక గంట పట్టవచ్చును. నేలమీద గంటసేపు వేచినవానికి నష్టం ఒక గంట మాత్రమే.

2009 సెప్టెంబరు 2వ తేదీని తెలుగువారు మరువలేరు. ఆనాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారితో బేగంపేటనుంచి చిత్తూరుకు బయలుదేరిన హెలికాప్టరు నల్లమల అడవిలో కూలి అయిదుగురు మరణించారు. తీవ్రమైన ఉరుము మేఘాల వాతావరణాన్ని, ఒక యంత్రభాగపు హెచ్చరికను వెదకుటలో చోదకుల దృష్టి మరలుటను విచారణ సంఘం తన నివేదికలో ప్రస్తావించినది. రాష్ట్రాధినేత ప్రయాణమైనను మేఘం దారి తొలగి నిలువదు.

వర్షాకాలపు ముసురు మరొక తీరు అపాయం. మేఘం క్రిందికి దిగి నేల మరుగైనపుడు, పరికరాల సహాయంతో ఎగురుట నేర్వని చోదకుడు తన దేహమే తనకు చెప్పే అబద్ధాన్ని నమ్మును. వంగి తిరుగుచున్న విమానం తిన్నగా పోవుచున్నట్లే చెవి లోపలి అవయవం అతనికి తెలుపును. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు అటువంటి శిక్షణ లేని 20 మంది చోదకులను పరీక్షించారు. బయటి దృశ్యం మరుగైనపిమ్మట ఇరవైమందిలో ఒక్కరుకూడ విమానాన్ని అదుపులో ఉంచలేకపోయారు. అదుపు తప్పడానికి పట్టిన సగటు కాలం 178 సెకన్లు, అనగా మూడు నిమిషాలకంటె తక్కువ. కనుక ముసురును చూచి వెనుకకు తిరుగుటను పిరికితనమనరాదు. అది మొదటి పాఠం.

పుష్యమాసపు ఉదయాలలో చెరువులమీద, తడిపొలాలమీద మంచు కమ్ముకొనును. సూర్యుడు ఎక్కిన కొలది అది కరగును. తొందర ఉన్నవానికొరకు కరుగదు. వాయుపీడనం మారిన రోజున ఎత్తును చూపే యంత్రం కూడ మోసగించును. పీడనం ఒక్క మిల్లీబారు తగ్గినచో, సూదిని సరిదిద్దనివానికి అది దాదాపు 30 అడుగులు ఎక్కువ చూపును. అయిదు మిల్లీబార్లు తగ్గితే 150 అడుగులు. చీకటిలో, వానలో ఆ 150 అడుగులే గుట్టకు, విమానానికి నడుమ ఉన్న దూరం కావచ్చును.

చెప్పనిమాట తెచ్చిన చేటు

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక్కొక్క వైమానికుడు నేర్వవలసినవి. అందరు కలిసి నేర్వవలసినది వేరొకటి ఉన్నది. దానికి చరిత్రలో రెండు ఉదాహరణలు చాలును.

1935 అక్టోబరు 30న అమెరికాలో బోయింగ్ సంస్థవారి సరికొత్త నాలుగు యంత్రాల విమానాన్ని పరీక్షకు ఎగురవేశారు. నేలమీద నిలిపి ఉంచినపుడు గాలికి కదలకుండ తోకభాగానికి వేసిన బిగింపును తీయడం మరచిపోయారు. విమానం లేచి, అదుపు తప్పి కూలినది. చోదకులు అనుభవం లేనివారు కారు, ఎన్నికైన నిపుణులు. నిపుణునికి కూడ మరపు ఉండునని అంగీకరించి, ఎగురుటకు ముందు ఒక్కొక్క అంశాన్ని పైకి చదివి సరిచూచుకొనే పట్టికను అప్పుడు రూపొందించారు. నేడు ప్రపంచంలోని ప్రతి చోదకుడు దానిని చదువుచున్నాడు. జ్ఞాపకశక్తిమీద గర్వం వదలుకొనుటయే ఆ పట్టికయొక్క పరమార్థం.

రెండవది ఇంతకంటె మనసును కలచేది. 1974 డిసెంబరు 1న వాషింగ్టన్ నగరానికి సమీపాన ఒక ప్రయాణిక విమానం కొండను ఢీకొని 92 మంది మరణించారు. దిగుటకు ఇచ్చిన అనుమతిని చోదకులు ఒక తీరుగా, నేలమీది నియంత్రకులు మరొక తీరుగా అర్థం చేసుకొన్నారు. విచారణలో తేలినదేమి? దాదాపు ఆరు వారాల ముందు, వేరొక సంస్థకు చెందిన విమానం అదే చోట, అదే అపార్థంవలన, అదే కొండను కొద్దిలో తప్పించుకొన్నది. ఆ చోదకులు తమ సంస్థకు చెప్పారు. ఆ సంస్థ తన చోదకులను హెచ్చరించినది. అయితే ఆ హెచ్చరిక సంస్థ గడప దాటలేదు. ఆ కబురు పక్క సంస్థకు చేరి ఉన్నచో ఆ తొంబదిరెండు మంది ఇల్లు చేరి ఉండేవారేమో!

ఈ దుఃఖంనుంచి 1976లో ఒక ఏర్పాటు పుట్టినది. వైమానికులు, నియంత్రకులు తమకు ఎదురైన ప్రమాదపు అంచులను శిక్షాభయం లేకుండ వ్రాసి పంపవచ్చును. ఆ ఉత్తరాలను స్వీకరించేది దండించే శాఖ కాదు. అంతరిక్ష పరిశోధన సంస్థ అయిన నాసా. వ్రాసినవారి పేరు తొలగించి, పాఠాన్ని మాత్రం అందరికి పంచుదురు. తప్పు చేసినవానిని సభలో నిలబెట్టి సిగ్గుపరచే సమాజంలో తప్పులు తగ్గవు, దాగికొనును. చెప్పినవానిని గౌరవించే సమాజంలో ఒకని తప్పు పదిమందికి రక్ష అగును. తరగతిగదిలో నిలబడే ప్రతి ఉపాధ్యాయునికి ఈ సత్యం అనుభవమే.

ఊరివారి పాలు

ఈ వార్తాధర్మంలో విమానమెక్కనివారికి కూడ పాలు ఉన్నది. పక్షి ఢీకొని యంత్రం చెడిన విమానాలు లోకంలో ఎన్నో. గ్రద్దలు, కాకులు ఎక్కడ చేరును? మాంసపు వ్యర్థాలు, చెత్తకుప్పలు ఉన్నచోట. అందువలననే 1937 నాటి విమాన నియమావళి, విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపల పశువధ చేసి వ్యర్థాలను, చెత్తను ఆరుబయట పారవేయుటను నిషేధించినది. మామునూరు చుట్టుపట్ల గ్రామాలవారు చెత్తను కప్పిపెట్టినచో అదికూడ విమానయాన సేవయే. ప్రహరి విరిగిన చోటును, బాటమీదికి పశువులు వచ్చే దారిని చూచి వెంటనే చెప్పిన కాపరి, ఆ పూటకు విమానాశ్రయ రక్షకుడే.

పాఠశాలల పాలు అంతకంటె పెద్దది. విమానాశ్రయమంటే చోదకుడు ఒక్కడే కాడు. వాతావరణ పరిశీలకుడు, నియంత్రకుడు, యంత్రశిల్పి, అగ్నిమాపకుడు ఎందరో కావలెను. వారు పరదేశంనుంచి రానక్కరలేదు. బయ్యారంలోనో, పాలకుర్తిలోనో, చెల్పూరులోనో ఒక పాఠశాల డాబామీద గుడ్డతో గాలిసంచి కట్టి, ఒక ఉష్ణమాపకం వ్రేలాడదీసి, ప్రతి ఉదయం ఒకే వేళకు గాలి దిక్కును, వేడిని, మేఘపు తీరును ఒక పుస్తకంలో వ్రాయించినచో చాలును. సంవత్సరం గడిచేసరికి ఆ పిల్లలు తమ ఊరి ఆకాశపు చరిత్రకారులగుదురు. చూచినదానిని చూచినట్లు వ్రాయుట, వ్రాసినదానిని దాచక పదిమందికి చెప్పుట: ఈ రెండు అలవాట్లు పట్టుబడిన బాలబాలికలకు విమానయానంలో ఏ పదవియైనను దూరం కాదు. మన దేశంలో 16 సంవత్సరాలకు శిక్షార్థి అనుమతి, 18కి వాణిజ్య చోదకుని అనుమతి పొందవచ్చును. అందుకు 200 గంటలు ఎగిరిన అనుభవం కావలెను. దానికి ధనం కావలసి ఉండుట నిజమే. కాని పరిశీలనకు ధనం అక్కరలేదు, అది లేకుండ ధనం ఫలింపదు.

బాలికలు ఒక పేరు గుర్తుంచుకొనవలెను. ఎన్నో విమాన సంస్థలు స్త్రీ అన్న కారణాన త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్‌కు 1947లో చోదకురాలి ఉద్యోగం ఇచ్చినది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. 1953లో విమాన సంస్థలు జాతీయమైనపుడు ఆ సంస్థ పేరు మాసిపోయినది. అది తెరచిన తలుపు మాత్రం మరి మూయబడలేదు.

మామునూరు బాటమీద పెద్ద విమానం దిగే రోజున వాద్యాలు మ్రోగును, పూలదండలు పడును. ఆ ఉత్సవం ఒక్కరోజుది. మరునాటి ఉదయం చీకటితోనే ఒక ఉద్యోగి గాలిసంచిని పరికించి, బాటను కొసనుంచి కొసకు నడిచి చూచి, కనబడిన చిన్న రాతిని ఏరివేసి, చూచినదంతా పుస్తకంలో నమోదు చేయును. ఆ పుస్తకంలో ఒక్కరోజుకూడ ఖాళీ లేనంతకాలం మామునూరు విమానాశ్రయం బ్రతికి ఉన్నట్లే.